కోరలు తీసిన నమూనాలు

ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ 2016 ఫిబ్రవరిలో ‘మాల్‌వేర్ మ్యూజియం’ పేరుతో ఒక సేకరణను ఆన్‌లైన్‌లో అందరికీ తెరిచి పెట్టింది. కంప్యూటర్‌కో, దాన్ని వాడే మనిషికో చెరుపు చేయాలన్న తలంపుతో రాసిన ప్రోగ్రాములన్నింటినీ కలిపి మాల్‌వేర్ అంటారు. వైరస్, వర్మ్, ట్రోజన్, రాన్సమ్‌వేర్ అన్నవి అందులోని తెగలు. ఫిన్లాండ్‌కు చెందిన భద్రతా నిపుణుడు మిక్కో హిప్పోనెన్ తన ఉద్యోగ జీవితంలో కూడబెడుతూ వచ్చిన 1980, 1990 దశకాల నాటి వైరస్‌లను, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత సాఫ్ట్‌వేర్‌ను కాపాడే పనిలో ఉన్న జేసన్ స్కాట్ తోడ్పాటుతో, ఎవరైనా తమ బ్రౌజర్‌లోనే నడిపి చూసుకొనే విధంగా అక్కడ అమర్చారు. అవి విండోస్‌కు ముందు వ్యక్తిగత కంప్యూటర్లను ఏలిన డాస్ అనే నిర్వహణ వ్యవస్థ మీద పుట్టినవి కాబట్టి, ఆనాటి యంత్రాన్ని నేటి యంత్రం లోపల సాఫ్ట్‌వేర్ రూపంలో అనుకరించే ఎమ్యులేటర్ అనే సాధనంలో వాటిని నడిపిస్తారు; పైగా వాటిలో ధ్వంసం చేసే భాగాన్ని ముందే తీసివేసి ఉంచారు.

అక్కడ చూడదగినవి చాలా ఉన్నాయి. అంబులెన్స్ అనే వైరస్ తెర అడుగు భాగాన అక్షరాలతో గీసిన బండిని సైరన్ మోతతో ఒక చివర నుంచి మరో చివరకు పరుగెత్తిస్తుంది. కేసినో అనే వైరస్ పన్నాగం అంతకంటె క్రూరమైనది: డిస్కులో ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికను చెరిపివేసి, దాని నకలును మాత్రం కంప్యూటర్ తాత్కాలిక స్మృతిలో ఉంచుకొని, అది తిరిగి దక్కాలంటే తెర మీద కనిపించే జూదపు యంత్రాన్ని తిప్పి గెలవాలని యజమానికి షరతు పెడుతుంది. ఓడినా, భయపడి మీట ఆపివేసినా ఆ నకలు కూడా పోతుంది. మనిషి సొత్తును అతని కళ్లెదుటే పట్టి ఉంచి బేరమాడే రాన్సమ్‌వేర్ మనస్తత్వం, డబ్బు ప్రసక్తి ఇంకా చేరకముందే, ఆ చిన్న ప్రోగ్రాములో పూర్తిగా కనిపిస్తుందని గమనించినప్పుడు, పాత వైరస్‌లను దాచిపెట్టడం కాలక్షేపపు సేకరణ కాదని, ఒక రకమైన నేరప్రవృత్తి చరిత్రను భద్రపరచడమని బోధపడుతుంది.

అయినా ఆ మ్యూజియం చూపగలిగినదానికి ఒక హద్దు ఉంది. వైరస్ చివర్లో ప్రదర్శించే ఆట సందర్శకుడికి కనిపిస్తుంది. అది ఒక ఫైలు నుంచి మరో ఫైలులోకి ఎలా దూరిందో, యజమాని కంట పడకుండా నెలల తరబడి ఎలా నక్కి ఉన్నదో కనిపించదు. కోరలు పీకిన పామును చూసి పడగ విప్పే తీరు తెలుసుకోవచ్చు గాని, విషం ఎక్కడ ఊరుతుందో తెలుసుకోవడం సాధ్యం కాదు. ప్రదర్శనశాలకు కావలసింది ప్రాణం పోయిన నమూనా. పాఠానికి కావలసింది, ఎంతో కొంత, ప్రాణమున్న నమూనా. సైబర్ భద్రతను బోధించే ప్రతి మాల్‌వేర్ భాండాగారమూ ఈ రెండు అవసరాల మధ్య ఎక్కడో ఒకచోట నిలబడుతుంది. నమూనా నుంచి ఏ భాగాన్ని తీసివేయాలి, దేన్ని ఉంచాలి, ఎవరి చేతికి ఇవ్వాలి అన్న మూడు నిర్ణయాలే దాని విద్యావిలువను తేల్చుతాయి.

అసలు నమూనాలు ఎందుకు దాచాలన్న ప్రశ్నకు ఈ శాస్త్రం పుట్టిననాడే సమాధానం దొరికింది. అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉన్న ఫ్రెడ్ కోహెన్ 1983 నవంబరులో ఒక ప్రోగ్రామును రాసి, అనుమతి తీసుకొని, విశ్వవిద్యాలయపు యూనిక్స్ యంత్రం మీద పరీక్షించాడు. మరో ప్రోగ్రాములో తన నకలును చొప్పించగల ఆ ప్రోగ్రాముకు వైరస్ అన్న పేరును సూచించినవాడు అతని ఆచార్యుడు లియొనార్డ్ ఆడెల్‌మన్. ప్రతి పరీక్షలోనూ గంటలోపే యంత్రం మీద సర్వాధికారాలూ ఆ ప్రోగ్రాము చేజిక్కాయి. ఒకసారి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఫలితాలు వెల్లడి కాగానే, ఆ యంత్రం మీద ఇక మీదట భద్రతా ప్రయోగాలేవీ చేయరాదని నిర్వాహకులు నిషేధించారు. ప్రమాదాన్ని చూపించినవాడిని ఆపితే ప్రమాదం ఆగుతుందన్న ఆ తొలి స్పందన, ఆ తర్వాత నలభై ఏళ్లలో ఎన్నో సంస్థల్లో, ఎన్నో దేశాల్లో అదే రూపంలో పునరావృతమవుతూ వచ్చింది.

కోహెన్ 1984లో ప్రచురించిన పత్రంలో మరొక విషయాన్ని గణితపరంగా నిరూపించాడు. ఏ ప్రోగ్రామునైనా చేతికిస్తే అది వైరస్సో కాదో ఎన్నడూ పొరపడకుండా చెప్పగల మరో ప్రోగ్రామును రాయడం అసాధ్యమన్నది దాని సారాంశం. మాల్‌వేర్ భాండాగారాలకు ఇంతకంటె బలమైన సమర్థన లేదు. తర్కంతో పొరపాటు లేకుండా ముందే పసిగట్టే మార్గం మూసుకుపోయినప్పుడు, ఇప్పటికే కనిపించినవాటిని సేకరించి, పోల్చి, వాటి పోలికలను బట్టి కొత్తవాటిని గుర్తుపట్టడం ఒక్కటే మిగిలిన దారి. యాంటీవైరస్ ప్రోగ్రాములు మొదటి నుంచీ చేస్తున్నది ఇదే: ఒక వైరస్‌లో మాత్రమే కనిపించే బైట్ల వరుసను సిగ్నేచర్ అనే పేరుతో నమోదు చేసుకొని, ప్రతి ఫైలులోనూ దాని కోసం వెతకడం. ఆ తర్వాత వచ్చిన ప్రవర్తన పరిశీలన, యంత్ర అభ్యసన పద్ధతులు కూడా లక్షల నమూనాలు చూడనిదే ఏమీ నేర్వలేవు. వైద్యవిద్యకు శవపరీక్ష ఎంత అనివార్యమో ఈ విద్యకు నమూనా అంత అనివార్యం కావడానికి కారణం ఆ సిద్ధాంతంలోనే ఉంది.

తొలినాటి నమూనాలను దగ్గరగా పరిశీలిస్తే వాటిలో మనుషులు కనిపిస్తారు. 1986లో పాకిస్తాన్‌లోని లాహోర్ నగరంలో బాసిత్, అమ్జాద్ ఫారూక్ అల్వీ అనే అన్నదమ్ములు రాసిన బ్రెయిన్ వైరస్, ఐబీఎం తరహా వ్యక్తిగత కంప్యూటర్లకు సోకిన మొదటి వైరస్‌గా ప్రసిద్ధం. ఫ్లాపీ డిస్కులో యంత్రం మొట్టమొదట చదివే బూట్ సెక్టర్ అనే భాగంలో అది కూర్చుంటుంది; అసలు బూట్ సెక్టర్‌ను డిస్కులో మరోచోటికి జరిపి, ఆ చోటు పాడైపోయిందని గుర్తు పెడుతుంది; ఎవరైనా బూట్ సెక్టర్‌ను చదవబోతే తనను చూపకుండా, దాచిన అసలు ప్రతిని చూపిస్తుంది. ఇంతగా ఒళ్లు దాచుకొనే ఆ వైరస్ లోపల, రాసినవారి పేర్లు, దుకాణం చిరునామా, ఫోన్ నంబరు అక్షరాలా ఉన్నాయి. చోరకళా చాతుర్యం, దాన్ని నేరంగా ఎంచని అమాయకత్వం ఒకే బైట్ల వరుసలో పక్కపక్కన ఉండడాన్ని ఏ పాఠ్యపుస్తకపు నిర్వచనమూ విద్యార్థికి తెలియజెప్పలేదు.

1988 నవంబరు 2న ఇంటర్నెట్‌లోకి విడుదలైన మోరిస్ వర్మ్ కథలో నమూనాను పంచుకోవడం గురించిన తొలి పెద్ద వివాదం ఉంది. వైరస్‌లా మరో ప్రోగ్రామును ఆశ్రయించకుండా తనంతట తానే యంత్రం నుంచి యంత్రానికి పాకే ప్రోగ్రామును వర్మ్ అంటారు. కార్నెల్ విశ్వవిద్యాలయపు విద్యార్థి రాబర్ట్ టప్పన్ మోరిస్ రాసిన ఈ వర్మ్, ఫింగర్ అనే సేవలో 512 బైట్ల కోసం కేటాయించిన చోటులోకి 536 బైట్లు పంపి, పొంగిన భాగంతో యంత్రం నడకను తన వైపు మళ్లించుకొనేది. బఫర్ ఓవర్‌ఫ్లో అని పిలిచే ఈ లోపాన్ని నేటికీ భద్రతా పాఠాల్లో మొదటి ఉదాహరణగా చెబుతారు. బర్క్‌లీలో, ఎంఐటీలో, పర్డ్యూలో నిపుణులు రాత్రింబగళ్లు కూర్చొని, యంత్ర భాషలో ఉన్న ఆ ప్రోగ్రామును మనిషి చదవగల రూపంలోకి తిరగరాశారు. పూర్తయిన రూపం నుంచి మూలానికి వెనక్కి నడిచి ప్రోగ్రాము పనితీరును తెలుసుకొనే ఈ పద్ధతినే రివర్స్ ఇంజినీరింగ్ అంటారు. ఆ తిరగరాసిన ప్రతిని తమ కంప్యూటర్ల నుంచి తొలగించవలసిందిగా అమెరికా ప్రభుత్వపు జాతీయ కంప్యూటర్ భద్రతా కేంద్రం పర్డ్యూ పరిశోధకులను కోరింది. అయితే యూజీన్ స్పాఫర్డ్, డాన్ సీలీ వంటివారు వర్మ్ పనితీరును ఒక్కొక్క అడుగు వివరిస్తూ రాసిన నివేదికలు వెలుగు చూశాయి, అవి తరతరాల విద్యార్థులకు పాఠాలయ్యాయి. కోడ్ కంటె ఆ కోడ్ మీద రాసిన వ్యాఖ్యానం ఎక్కువ కాలం, ఎక్కువ మందికి ఉపకరించిందన్నది ఇక్కడ గుర్తుంచుకోదగిన సంగతి.

ఆ తర్వాత చాలా ఏళ్లు నమూనాలు యాంటీవైరస్ కంపెనీల మధ్య, పరస్పరం ఎరిగినవారి మధ్య మాత్రమే చేతులు మారుతూ వచ్చాయి. ఆ వలయానికి బయట, వైరస్‌లు రాసేవారూ ఆసక్తిపరులూ నడిపిన సేకరణలు విడిగా పెరిగాయి. ఉక్రెయిన్ నుంచి నడిచిన వీఎక్స్ హెవెన్స్ అటువంటి వాటిలో పేరుపొందినది. నమూనాలతోపాటు పరిశోధన వ్యాసాలను కూడా దాచిన ఆ భాండాగారం, 2012 మార్చిలో పోలీసులు సర్వర్‌ను స్వాధీనం చేసుకోవడంతో మూతపడింది. స్పెయిన్‌లో 2004లో మొదలై 2012లో గూగుల్ చేతికి వెళ్లిన వైరస్‌టోటల్, స్విట్జర్లాండ్‌కు చెందిన అబ్యూజ్ డాట్ సీహెచ్ 2020లో ప్రారంభించిన మాల్‌వేర్‌బజార్, 2019 నుంచి నడుస్తున్న వీఎక్స్-అండర్‌గ్రౌండ్, అధ్యయనం కోసమే గిట్‌హబ్‌లో ఉంచిన ది జూ అనే సేకరణ నేడు ఎక్కువగా వినిపించే పేర్లు. వీటిలో కొన్ని డబ్బు చెల్లించినవారికే నమూనాలు ఇస్తాయి, కొన్ని ఉచితంగా ఇస్తాయి. ఉచిత భాండాగారాలు లేకపోయి ఉంటే ఈ విద్య పెద్ద కంపెనీల ఉద్యోగులకే పరిమితమై ఉండేదన్నది నిస్సందేహం.

ఈ భాండాగారాల నుంచి ఒక నమూనాను దించుకొనే విద్యార్థి పాటించే క్రమమే ఒక పాఠం. నమూనా సాధారణంగా జిప్ రూపంలో, తాళపు మాటతో ముడివేసి వస్తుంది; ఆ తాళపు మాట ‘ఇన్‌ఫెక్టెడ్’ అని ఈ రంగంలో అందరికీ తెలుసు. ఇది రహస్యం కోసం పెట్టిన తాళం కాదు. పొరపాటున రెండుసార్లు నొక్కితే ఫైలు నడవకుండా ఉండేందుకు, దారిలో ఉన్న యాంటీవైరస్ దాన్ని చెరిపివేయకుండా ఉండేందుకు చేసిన ఏర్పాటు. విద్యార్థి దాన్ని తన అసలు కంప్యూటర్‌లో విప్పడు. ఆ కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన వర్చువల్ మెషీన్ అనే వేరొక యంత్రంలో, బయటి నెట్‌వర్క్ తెంచివేసి, ఆ యంత్రపు ప్రస్తుత స్థితిని స్నాప్‌షాట్‌గా భద్రపరచి, ఆ తర్వాతే విప్పుతాడు. మొదట ఫైలుకు హ్యాష్ తీస్తాడు. ఎస్‌హెచ్‌ఏ-256 అనే గణిత పద్ధతి ఎంత పెద్ద ఫైలునైనా 64 అంకెలు, అక్షరాల వరుసగా కుదిస్తుంది. ఫైలులో ఒక్క బైటు మారినా ఆ వరుస పూర్తిగా మారిపోతుంది కాబట్టి, హైదరాబాద్‌లోని విద్యార్థీ హెల్సింకీలోని పరిశోధకుడూ ఒకే నమూనా గురించి మాట్లాడుతున్నామని రూఢి చేసుకోవచ్చు. తర్వాత ఫైలును నడపకుండానే అందులోని అక్షర పదాలను వెలికితీసి, ఏ చిరునామాలున్నాయో, ఏ విండోస్ సేవలను పిలుస్తున్నదో చూస్తాడు. అమెరికా జాతీయ భద్రతా సంస్థ 2019లో అందరికీ ఉచితంగా విడుదల చేసిన ఘిద్రా వంటి సాధనంతో యంత్ర సూచనలను చదవదగిన రూపంలోకి మారుస్తాడు. నడిపి చూడడం ఎప్పుడూ చివరి మెట్టే. ఈ ఓపిక, ఈ శుచి, ఈ వరుస అలవడడానికి నిజమైన నమూనా చేతిలో ఉండాలి. ప్రమాదం లేనిచోట జాగ్రత్త నేర్పడం సాధ్యం కాదు.

కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయం 2003లో జాన్ ఐకాక్ బోధించే వైరస్‌ల కోర్సును ప్రకటించినప్పుడు చెలరేగిన వివాదం ఈ సందర్భంలో ప్రస్తావించదగినది. చివరి ఏడాది విద్యార్థులకు, బయటి నెట్‌వర్క్‌తో సంబంధం లేని ప్రత్యేక ప్రయోగశాలలో, చట్టం, నీతి అంశాలతో కలిపి బోధించే ఆ కోర్సులో విద్యార్థులు స్వయంగా వైరస్‌లు రాయవలసి ఉండేది. యాంటీవైరస్ పరిశ్రమ భగ్గుమన్నది. ఆ కోర్సు చదివినవారికి తాము ఉద్యోగాలు ఇవ్వబోమని కొన్ని కంపెనీల ప్రతినిధులు బహిరంగంగా చెప్పారు. పరిశ్రమ వాదనలో కొంత బలముంది: రక్షణ నేర్వడానికి కొత్త వైరస్ రాయనవసరం లేదు, ఉన్నవాటిని విప్పి చూడడానికే ఒక జీవితకాలం చాలదు. కానీ ఆ వాదన చేసినవారి చేతిలో అప్పటికే వేలకొలది నమూనాలున్నాయి, విద్యార్థుల చేతిలో లేవు. నమూనాలు అందుబాటులో ఉంచకుండా, సృష్టించడమూ తప్పేనని చెప్పినప్పుడు మిగిలేది పుస్తకపు నిర్వచనాలే. కాల్గరీ వివాదానికి సరైన జవాబు నిషేధంలో కాక, మంచి భాండాగారాల్లో ఉన్నదని ఆ తర్వాతి చరిత్ర చూపింది.

నమూనాలో ఏ భాగాన్ని కోసివేయాలన్న ప్రశ్నకు వేర్వేరు సంస్థలు వేర్వేరు జవాబులిచ్చాయి. ఒక కొసన ఐకార్ పరీక్ష ఫైలు ఉంది: 68 అక్షరాల ఆ వరుసలో హాని అణుమాత్రమూ లేదు, అది వైరస్ కానే కాదు, అయినా దాన్ని చూడగానే ప్రతి యాంటీవైరస్ ప్రోగ్రామూ కేక పెట్టాలని పరిశ్రమ అంతా ఒప్పుకొన్నది. గంట మోగుతున్నదో లేదో తెలుసుకోవడానికి అది చాలు, దొంగను గుర్తుపట్టడం నేర్వడానికి చాలదు. మైక్రోసాఫ్ట్ 2015లో కాగుల్ వేదిక మీద పోటీ కోసం ఇచ్చిన తొమ్మిది కుటుంబాల నమూనాలలో, విండోస్ ఫైలుకు శిరస్సు వంటి హెడర్ భాగాన్ని తీసివేశారు. లోపలి బైట్లన్నీ ఉన్నా అవి నడవవు. 2018లో వచ్చిన ఎంబర్ అనే సేకరణలో అసలు ఫైళ్లే లేవు. 11 లక్షల ఫైళ్ల నుంచి వెలికితీసిన లక్షణాల పట్టికలు మాత్రం ఉన్నాయి. 2020 చివర సోఫోస్, రివర్సింగ్‌ల్యాబ్స్ కలిసి విడుదల చేసిన సోరెల్-20ఎం సేకరణలో సుమారు కోటి మాల్‌వేర్ ఫైళ్లను ఉంచి, ప్రతి ఫైలు హెడర్‌లోనూ రెండే రెండు చోట్ల, ఇది ఏ తరహా యంత్రం కోసం, ఏ ఉపవ్యవస్థలో నడవాలి అని చెప్పే చోట్ల, సున్నా వేశారు. తెలిసినవాడు ఆ సున్నాలను దిద్ది మళ్లీ ప్రాణం పోయగలడన్న సంగతి వారికీ తెలుసు. ఆ పని చేయగల నేర్పున్నవాడికి మాల్‌వేర్ సంపాదించడానికి ఈ సేకరణతో పనిలేదని, దీన్ని విడుదల చేయడం వల్ల కలిగే మేలే ఎక్కువని వారు వాదించారు. ఆ వాదన సబబుగానే ఉంది. మ్యూజియం పద్ధతిలో ఆటను ఉంచి యంత్రాంగాన్ని తీసివేస్తారు. సోరెల్ పద్ధతిలో యంత్రాంగాన్నంతా ఉంచి మొదటి అడుగును మాత్రం ఆపుతారు. బోధనకు రెండోదే మేలైన కోత.

అన్నింటినీ ఈ ధీమాతో తెరిచి పెట్టవచ్చునా అంటే, మిరాయ్ ఉదంతం కాదంటుంది. ఇళ్లలోని కెమెరాలను, రౌటర్లను లోబరచుకొని దాడి సైన్యంగా మార్చే మిరాయ్ మాల్‌వేర్ మూలకోడ్‌ను దాని కర్తే 2016 సెప్టెంబరు చివరలో బయటపెట్టాడు. పట్టుబడితే ఆ కోడ్ తన ఒక్కడి దగ్గరే ఉన్నదన్న ఆధారం లేకుండా చేసుకోవడం అతని ఎత్తుగడ అని భావిస్తారు. దాని నకళ్లు పరిశోధన పేరిట అందరికీ అందుబాటులోకి వచ్చాయి. కోడ్ చదివినవారికి దాని రహస్యం వెంటనే బోధపడింది: కర్మాగారంలో పెట్టిన పేరు, సంకేతపదాల జతలు సుమారు 60 దగ్గర ఉంచుకొని, దొరికిన ప్రతి పరికరం మీదా వాటిని ప్రయోగించి చూడడమే దాని విద్య. అటువంటి పరికరాలు కోట్లలో ఉన్నందున, చదువుకున్నవారితోపాటు అనుకరించినవారూ పెరిగి, మిరాయ్ సంతతి నేటికీ తిరుగుతున్నది. డాస్ వైరస్‌లను నిర్భయంగా ప్రదర్శించగలగడానికి కారణం వాటి వయస్సు కాదని ఇక్కడ తేలుతుంది. అవి దూరిన ఫ్లాపీలూ, అవి నమ్ముకున్న నిర్వహణ వ్యవస్థా వాడుకలో లేకుండా పోయాయి, అంతే. ఒక నమూనాను ఎంత తెరిచి పెట్టవచ్చునన్నదానికి కొలమానం అది పుట్టిన సంవత్సరం కాదు, అది దూరే కన్నం ఇంకా తెరుచుకొని ఉన్నదా అన్నది. పదేళ్ల నాటి మాల్‌వేర్ అయినా దాని కన్నం మూసుకోకపోతే అది వర్తమానమే.

కన్నం తెరిచి ఉన్నప్పుడే నమూనా అత్యవసరం కావడం ఈ రంగంలోని కఠినమైన మెలిక. 2017 మే 12న ప్రపంచమంతా పాకిన వన్నాక్రై రాన్సమ్‌వేర్‌కు దారి ఇచ్చిన విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మరమ్మతు విడుదల చేసింది. ఆ మరమ్మతు వేయించుకోని యంత్రాలెన్నో దెబ్బతిన్నాయి, వాటిలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని ఉన్నాయి. ఆ రోజే ఇంగ్లండులోని యువ పరిశోధకుడు మార్కస్ హచిన్స్ తోటి పరిశోధకుడి నుంచి నమూనాను అందుకొని నడిపి చూసి, అది ఎవరూ నమోదు చేసుకోని ఒక పొడవాటి వెబ్ చిరునామాను పలకరిస్తున్నదని గమనించి, 10 డాలర్లకు కాస్త పైచిలుకు ఖర్చుతో దాన్ని తన పేర నమోదు చేశాడు. ఆ చిరునామా నుంచి జవాబు వస్తే ఆగిపోయేలా రాసి ఉన్న వన్నాక్రై వ్యాప్తి అక్కడితో నిలిచింది. నమూనా గంటల్లో చేతులు మారకపోయి ఉంటే నష్టం ఎక్కడిదాకా వెళ్లేదో ఊహించడమే కష్టం. అందువల్ల సజీవ నమూనాలకు తలుపు మూయడం కాక, లోపలికి వచ్చేవారు ఎవరో తెలుసుకొని తెరవడం అవసరం. నేడు బాధ్యతగా నడిచే భాండాగారాలు ఖాతాను, గుర్తింపును అడగడం ఇందుకే.

భారతదేశంలో ఈ చదువుకు చట్టం అడ్డుగా ఉన్నదన్న భయం అధ్యాపకుల్లో ఉంటే అది అనవసరమైన భయం. సమాచార సాంకేతికత చట్టం, 2000లోని 43వ సెక్షన్, యజమాని అనుమతి లేకుండా ఒక కంప్యూటర్‌లోకి వైరస్‌ను ప్రవేశపెట్టడాన్ని తప్పుగా ఎంచుతుంది. అదే పని మోసబుద్ధితో చేస్తే 66వ సెక్షన్ మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా విధిస్తుంది. కళాశాల తన సొంత యంత్రంలో, తన అనుమతితో, బయటికి పొక్కని ఏర్పాటులో చేసే పరిశీలన వేరు. అయినా తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ కళాశాలల్లో సైబర్ భద్రత పేరుతో కొత్త శాఖలు తెరుచుకున్నంత వేగంగా ప్రయోగశాలలు తెరుచుకోలేదు. వైరస్‌కు, వర్మ్‌కు తేడా ఏమిటో ఐదు మార్కుల జవాబుగా రాయగల విద్యార్థి, ఒక్క నమూనానైనా విప్పి చూడకుండా పట్టా పుచ్చుకోవడం విచారకరం. వర్చువల్ మెషీన్‌కు, ఘిద్రాకు, ఉచిత భాండాగారపు ఖాతాకు రూపాయి ఖర్చు లేదు. కావలసింది ఆ క్రమశిక్షణ తెలిసిన ఒక అధ్యాపకుడు, ఆయన మీద నమ్మకం ఉంచగల ఒక యాజమాన్యం.

అంతర్జాతీయ భాండాగారాల్లో సులభంగా దొరకనిది ఒకటి ఇక్కడ ఉంది. పెళ్లి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలానా అనో, ప్రభుత్వ పథకం డబ్బు అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ల గురించి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పోలీసులు తరచూ హెచ్చరిస్తున్నారు. ఏపీకే అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్‌ను స్థాపించే ఫైలు. నిజానికి అది కూడా ఒక జిప్ మూటే. విప్పితే అందులో మ్యానిఫెస్ట్ అనే ఫైలు ఉంటుంది, యాప్ ఏయే అనుమతులు అడుగుతున్నదో ఆ ఫైలులో వరుసగా రాసి ఉంటుంది. శుభలేఖ చూపించడానికి వచ్చినదానికి ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి ఎందుకని ఆ ఒక్క వరుస చూసిన విద్యార్థికి తోస్తుంది. బ్యాంకు పంపిన ఓటీపీని యజమాని చూడకముందే నేరగాడికి చేరవేయడానికన్న జవాబు కోడ్‌లో మరికాస్త లోతున దొరుకుతుంది. ఈ ఫైలు వచ్చినవారు సహజంగానే దాన్ని చెరిపివేస్తారు, లేదా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు చెప్పి, పోయిన డబ్బు గురించి ఎదురు చూస్తారు. ఫైలు విశ్లేషణ సాధనాలకు చేరినా, దానితోపాటు వచ్చిన తెలుగు సందేశం, ఏ పండుగ ముందు, ఏ పథకం వాయిదా ముందు వచ్చిందన్న సందర్భం ఎక్కడా నమోదు కావు. మనిషిని నమ్మించినది ఆ సందేశమే, కోడ్ కాదు. కాబట్టి నమూనాలో సగం పోయినట్టే.

హైదరాబాద్‌లోని ప్రభుత్వ పరిశోధన సంస్థ సి-డాక్ సమాచార భద్రత మీద తెలుగుతో సహా భారతీయ భాషల్లో అవగాహన సామగ్రి తయారు చేస్తున్నది, 2017 ఫిబ్రవరిలో ప్రారంభమైన సైబర్ స్వచ్ఛతా కేంద్రం పౌరుల పరికరాలను శుభ్రపరిచే సాధనాలను ఉచితంగా ఇస్తున్నది. వీటి పక్కన, కళాశాలల భాగస్వామ్యంతో ప్రాంతీయ నమూనాల భాండాగారం ఒకటి ఏర్పడవలసి ఉంది. అందులో ప్రతి నమోదుకూ ఫైలు హ్యాష్, వచ్చిన తేదీ, సందేశపు పూర్తి పాఠం, అడిగిన అనుమతుల పట్టిక, చోరీ సమాచారం ఎక్కడికి వెళ్తున్నదో దాని చిరునామా, విశ్లేషించినవారు తెలుగులో రాసిన వివరణ ఉండాలి. ఫైలు పంపిన బాధితుడి పేరు, ఫోన్ నంబరు, బ్యాంకు వివరాలు ఉండకూడదు. ఇవి మాల్‌వేర్ లోపల, లాగ్‌లలో, తెరచిత్రాలలో అంటుకొని వస్తుంటాయి కాబట్టి, ఒక్కొక్క ఫైలునూ జల్లెడ పట్టి తొలగించే పని ఎవరికి అప్పగించారన్నది నమోదు పత్రంలోనే ఉండాలి. కన్నం మూసుకొన్న నమూనాలను ఎవరికైనా చూపవచ్చు. ఇంకా తిరుగుతున్నవాటిని అధ్యాపకుడి పూచీ మీద, సోరెల్ తరహాలో నడక ఆపిన రూపంలో ఇవ్వవచ్చు. ఈ ఏడాది చలానా పేరుతో వచ్చిన ఫైలును నిరుడు శుభలేఖ పేరుతో వచ్చినదానితో పక్కపక్కన పెట్టి, పైపేరు, బొమ్మ మారినా లోపల ఓటీపీని దొంగిలించే భాగం అదేనని, సమాచారం చేరే సర్వర్ కూడా అదేనని ఒక మూడో సంవత్సరం విద్యార్థి చూపగలిగితే, ఆ పోలికను జిల్లా సైబర్ పోలీసులకు, జాతీయ స్థాయిలో ఇటువంటి ఘటనలను పర్యవేక్షించే సెర్ట్-ఇన్‌కు అదే వారంలో పంపవచ్చు.